సంగటిని మింగింది ఫోను కాదు

పోయినేడు మాఘమాసంలో మా పావగడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. కల్యాణ మంటపంలో రెండో పంక్తి. నా పక్కన ఒక రిటైర్డ్ సారు, ఎదురు వరుసలో పీయూసీ చదివే పిల్లలు నలుగురు. వడ్డన అయ్యాక ఆ పిల్లలు విస్తరి మీదికి చెయ్యి చాచలేదు, ఫోను చాచారు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటోలు తీసి, ఎవరికో పంపి, ఆ తర్వాతే ఓళిగ (బొబ్బట్టు) తుంచారు. సారుకు ఒళ్ళు మండింది.

"తిండిని కండ్లతో తినేది నేర్చినారు నాయనా. ఈ ఫోన్లు వచ్చినాకనే సంగటి పాయ, ఊరిబిండి పాయ. రీల్సులో ఏది అగుపడితే అదే కావల్ల వీళ్ళకు."

చుట్టూ ఉన్న అయిదారుగురు తలలూపారు. నేనూ ఊపాను. పెళ్ళి పంక్తిలో వాదం పెట్టుకున్నవాడికి పాయసం అందదు. కానీ కళ్ళు మాత్రం విస్తరి మీదికే పోయాయి. కోసంబరి, చిత్రాన్నం, తెల్లన్నం, చారు, గోబీ మంచూరియా, ఓళిగ, చివర్లో ఐస్‌క్రీం కప్పు. సంగటి (రాగిముద్ద) లేదు, దానిలోకి నంజుకునే ఊరిబిండి పచ్చడీ లేదు. ఆ పట్టీ రాసింది ఎదుటి పిల్లలా? పెళ్ళికూతురి తండ్రీ, ఆయన ఈడు వంటాయనా కూర్చుని రాసుకున్నారు. పెళ్ళిలో సంగటి పెడితే 'ఇంత లేనోళ్ళా' అని వియ్యాలవారు అనుకుంటారని భయం. ఆ భయం ఫోన్లకన్నా చాలా పాతది. సంగటి పోయిందని వాపోయిన సారు కూడా అన్నమే రెండు మార్లు పెట్టించుకుని, చారు పోయించుకుని, తృప్తిగా త్రేన్చి లేచారు.

ఆ రోజు నోరు మూసుకున్నందుకు ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నాను.

సారు మాట ఆయన ఒక్కరిదే కాదు. ఆదివారం అనుబంధాల్లో, ఆరోగ్య శిబిరాల ఉపన్యాసాల్లో, బడిలో తల్లిదండ్రుల సమావేశాల్లో ఇదే పాట. సోషల్ మీడియాలో తిండి బొమ్మలు చూసి జనం తిండి పాడుచేసుకుంటున్నారట. బొమ్మ చూస్తే నోరూరుతుంది, నోరూరితే కొంటారు, కొంటే తింటారు, తింటే చెడతారు. నాలుగు మెట్ల నిచ్చెన, చూడ్డానికి చక్కగా ఉంది. మా తాలూకా నేల మీద మాత్రం అది నిలబడదు. బొమ్మకు నోరూరించే శక్తి ఉంది, కాదనను. తట్టలో ఏం పడాలో తేల్చేవి వేరే ఉన్నాయి (మా వైపు పళ్ళేన్ని తట్ట అంటాం). రేషను, పైరు, కూలి, పొయ్యి ముందు నిలబడే ఆడమనిషికి మిగిలే పొద్దు, అంగట్లో అయిదు రూపాయలకు దొరికే వస్తువు. వీటి జోలికి పోకుండా ఫోనును తిట్టడం అత్త మీది కోపం దుత్త మీద చూపడమే.

అవతలి పక్షం చేతిలో ఆధారాలు లేవని నేననను. వాటిలో బలమైన వాటినే ముందు తీసుకుందాం. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 9 నుంచి 11 ఏళ్ళ పిల్లలను 176 మందిని కూర్చోబెట్టి, పేరున్న యూట్యూబర్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లాంటివి చూపించారు. కొందరికి ఆ యూట్యూబర్ చేతిలో చిరుతిళ్ళు, కొందరికి మంచి తిండి, కొందరికి తిండితో సంబంధం లేని వస్తువులు. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. చిరుతిళ్ళ బొమ్మలు చూసిన పిల్లలు వస్తువులు చూసిన పిల్లలకన్నా చిరుతిళ్ళ నుంచి 32 శాతం, మొత్తం మీద 26 శాతం ఎక్కువ కేలరీలు తిన్నారు. మరుసటి ఏడు ఆస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 369 మంది విద్యార్థులను ప్రశ్నించారు. ఫేస్‌బుక్‌లో తమ స్నేహితులు చిరుతిళ్ళు ఎక్కువ తింటున్నారని నమ్మేవాళ్ళు తామూ ఎక్కువ తింటున్నట్టు, పండ్లూ కూరగాయలూ తింటున్నారని నమ్మేవాళ్ళు అవే ఎక్కువ తింటున్నట్టు తేలింది.

ఇంకేం, సారు గెలిచారు కదా అంటారు. కాస్త నిదానించండి. లివర్‌పూల్ పిల్లల ముందు తినుబండారాలు గిన్నెల్లో పెట్టే ఉన్నాయి. కొననక్కరలేదు, అమ్మను అడగనక్కరలేదు, అంగడి దాకా నడవనక్కరలేదు. చెయ్యి చాస్తే చాలు. అదే ప్రయోగంలో మంచి తిండి బొమ్మలు చూసిన పిల్లలు మంచి తిండిని చెప్పుకోదగ్గంత ఎక్కువ తినలేదు. బొమ్మకు అంత మహిమే ఉంటే పండ్ల బొమ్మకు ఎందుకు లేకపోయింది? నీరు పల్లమెరుగు. బొమ్మ కూడా పల్లం ఉన్న వైపే పారింది. ఆ పల్లాన్ని తవ్వింది మరొకరు. ఇక ఆస్టన్ వాళ్ళు అడిగింది ఒకే ఒక్కసారి. స్నేహితులను చూసి వీళ్ళు మారారా, తమలాంటి తిండి తినేవాళ్ళతోనే వీళ్ళు స్నేహం కట్టారా అన్నది అలాంటి ప్రశ్నాపత్రం తేల్చలేదు.

ఇంకో ప్రయోగం ఉంది, మా పావగడ వాళ్ళు తప్పక వినాల్సింది. అందులో చెనక్కాయలు (వేరుశెనగలు) ఉన్నాయి మరి. అమెరికాలో కొందరు పరిశోధకులు జనాన్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 60 తీపి వంటకాల బొమ్మలు, ఇంకో జట్టుకు 60 ఉప్పు వంటకాల బొమ్మలు చూపించి, తర్వాత అందరికీ చెనక్కాయలు పెట్టారు. ఉప్పటి బొమ్మలు అన్నేసి చూసినవాళ్ళకే చెనక్కాయలు తక్కువ రుచించాయి. చూసీ చూసీ నాలుకకు ముందే మొహం మొత్తింది. 2014లో అచ్చయిన ఈ పరిశోధన ప్రకారమైతే సారు ఆ పిల్లలకు ఇంకా నాలుగు ఫోటోలు చూపించాలి! నేను అంత దూరం పోను. బొమ్మకూ కడుపుకూ మధ్య ఉన్నది ఒంటి పేట దారం కాదని, అటు లాగితే ఇటు బిగుసుకునే ముడులు ఉన్నాయని ఒప్పుకుంటే చాలు.

ఇక మా తట్ట కథకు వద్దాం.

మా అవ్వ సంగటి చేసే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఎసరు తెర్లుతుంటే నూకలు వేసేది. అవి మెత్తబడినాక రాగిపిండి మధ్యలో గుట్టగా పోసి, కట్టెతో గుట్ట నడుమ ఒక గుంత పొడిచి, మూత పెట్టి, మంట తగ్గించేది. పిండి లోపలికంటా ఆవిరి పట్టేదాకా ముట్టుకోనిచ్చేది కాదు. తర్వాత కుండను దించి, రెండు పాదాల మధ్య అదిమిపట్టి, రెండు చేతులతో కట్టె పట్టుకుని కెలికేది. భుజాలు లేచిపడేవి, నుదుట చెమట కుండ అంచు మీద పడేది. చెయ్యి తడి చేసుకుని ఆ వేడి వేడి ముద్దను తట్టలో గుండ్రంగా తిప్పి, నడుమ బొటనవేలితో గుంత చేసి, అందులో ఊరిబిండి పెట్టేది.

ఆ కుండలోని నూకలను చూడండి. అవ్వ పడుచుగా ఉన్నప్పుడు అవి పిడికెడు కొర్ర నూకలు. నేను పుట్టేనాటికి బియ్యం నూకలు. మా అమ్మ చేతికి కట్టె వచ్చేసరికి పిండి సగం, బియ్యం సగం. మా చెల్లెలి ఇంట్లో వారమంతా కుక్కర్ అన్నం, ఆదివారం కోడికూర చేస్తే సంగటి. మా ఊరి ఆర్థిక చరిత్ర మొత్తం ఆ పాళ్ళలో ఉంది. అందులో ఏ మలుపులోనూ ఫోను లేదు.

మొదటి మలుపు చెనక్కాయ. వానాకాలంలో కొర్రలు, సామలు, ఆరికలు, జొన్నలు కలిసి పండే ఎర్రనేలల్లో చెనక్కాయ ఒక్కటే రాజ్యమేలడం మొదలుపెట్టింది. పావగడకు ఆవలా ఈవలా అనంతపురం పల్లెలన్నింటిదీ అదే దారి. నూనెగింజకు రొక్కం వస్తుంది, కొర్రలకు రాదు. తినే పైరు పోయి అమ్మే పైరు వచ్చింది. అమ్మే పైరు వేసినవాడు తిండిని బజారులో కొనాలి. కొనేటప్పుడు ఏది చవకైతే అదే తిండి.

రెండో మలుపు బియ్యం. మ్యాపులో చూస్తే మా తాలూకా తుమకూరు జిల్లా నుంచి తెగి ఆంధ్రలోకి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు మా వియ్యాలు, కయ్యాలు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆంధ్రలో కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక మా ఆడబిడ్డల ఇళ్ళల్లో అన్నం దినామూ ఉండే వస్తువైంది. 2013 జులైలో కర్ణాటకలో అన్నభాగ్య కిలో రూపాయికే వచ్చింది. ఆకలితో ఉన్నవాడికి అది నిజంగా భాగ్యమే. ఆ పథకాన్ని ఎగతాళి చేసేవాడు ఏ రోజూ పస్తు పడుకోనివాడు అయి ఉండాలి. అయినా ఒక మాట మాత్రం చెప్పక తప్పదు. సర్కారు ఏ గింజ సంచిలో పోస్తే ఇంటి పొయ్యి మీద ఆ గింజే ఉడుకుతుంది. ఈమధ్య మా వైపు రేషనులో రాగులు కూడా ఇస్తున్నారు. ఇచ్చిన నెల ముద్ద కనబడుతుంది. ఏ రీలూ చెయ్యలేని పనిని ఆ రాగుల సంచి చేస్తోంది.

మూడో మలుపు భుజాలు. సంగటి కెలకాలంటే బలం కావాలి, పొద్దు కావాలి. తెల్లారి బస్సెక్కి కూలికో గార్మెంట్స్‌కో పోయే ఆడమనిషికి కుక్కర్ మూడు కూతలు కూస్తే అన్నం తయారు. సంగటి పోయిందని ఏడ్చే మగవాళ్ళలో కట్టె పట్టి కెలికినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు.

నాలుగోది చెప్పాలంటే సిగ్గేస్తుంది. చెనక్కాయ పండే సీమలో వంటింట్లో ఏ నూనె ఉంది? 2013లో ఆంధ్రలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో పామాయిల్ ఒకటి. సరిహద్దుకు ఇవతల మా అంగళ్ళలోనూ చవక నూనె అంటే అదే. కాయ ఒలిచి మిల్లుకు తోలిన చేతులే ఎక్కడో మలేసియాలో, ఇండోనేసియాలో పండిన నూనె ప్యాకెట్టు మూల కత్తిరిస్తున్నాయి. పామాయిల్‌ను పొగుడుతూ ఎవరైనా రీలు చేశారా? నేను చూడలేదు. బొమ్మ లేకుండానే అది ప్రతి బాణలిలోకీ వచ్చింది.

ఇప్పుడు తేదీలు కలిపి చూడండి. చవక డేటా మన పల్లెలకు వచ్చింది 2016 సెప్టెంబరులో జియోతో. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో మొదలైంది 2020 జులైలో, టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకు. అప్పటికి పెళ్ళి విస్తరి నుంచి సంగటి లేచిపోయి ఒక తరం గడిచింది. పుట్టని బిడ్డ మీద హత్యానేరం మోపుతున్నాం మనం.

'సంగటి సంగతి సరే, మరి ఈ కుర్కురేలు, చిప్స్ ఎక్కణ్ణించి వచ్చాయి?' అని సారు అడగవచ్చు. మంచి ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ కుటుంబ వ్యయ సర్వేలు ఉన్నాయి. పల్లె కుటుంబం నెల ఖర్చులో పానీయాలు, చిరుతిళ్ళు, ప్యాకెట్ తిండి వాటా 1999-2000లో 4 శాతం పైచిలుకు. 2011-12కు దాదాపు 8 శాతం. 2022-23లో 9.62 శాతం. మొత్తం పెరుగుదలలో మూడింట రెండు పాళ్ళు చవక ఫోను డేటా పుట్టకముందే జరిగిపోయింది. ఫోను వచ్చాక పెరగలేదని కాదు, పెరిగింది. కానీ బండి కదిలింది ఫోను తోసినందుకు కాదు. అప్పటికే దొర్లుతున్న బండి ఎక్కింది ఫోను.

ఆ బండిని కదిలించింది ఎవరో తెలియాలంటే మా ఊరి బడి ఎదుట అంగడికి రండి. అంగడి అంటే ఒక బంకు. ముందు వైపు పై కమ్మీ నుంచి ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి, పెళ్ళిపందిరికి తోరణాల్లాగా. కింది ప్యాకెట్టు సరిగ్గా మూడో తరగతి పిల్లాడి ముక్కు ఎత్తులో ఆగుతుంది. ఎరుపు, పసుపు, పచ్చ. ధర అయిదు రూపాయలు. ఆ అయిదుతో కోడిగుడ్డు రాదు. అరటిపండు ఎప్పుడూ ఉండదు, ఉన్నా సాయంత్రానికి నల్లబడుతుంది. ప్యాకెట్టు నెలల తరబడి చెడదు. పాలు రాని ఊరికి కూడా ప్యాకెట్ల వ్యాను వారం తప్పకుండా వస్తుంది. అంగడామెను అడిగితే "కూరగాయలు తెస్తే వాడిపాయె, ఇవైతే వాడవు కదన్నా" అంది. పిల్లాడి తిండి ఎంపిక ఆ ఒక్క వాక్యంలో తేలిపోయింది. వాడి ఇంట్లో ఫోను ఉన్నా లేకపోయినా ఆ దండ వాడి ముక్కుకు తగులుతూనే ఉంటుంది.

రంగు సంగతీ అంతే. ఎర్రటి గోబీ, ఎర్రటి కబాబు ఫోటోలో బాగా పడటానికే ఎర్రబడ్డాయంటారు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను, రంగు పీచుమిఠాయిని నిషేధించింది. పరీక్షించిన 171 గోబీ నమూనాల్లో 107, పీచుమిఠాయి నమూనాలు 25లో 15 తినడానికి పనికిరానివని తేలాయి. పీచుమిఠాయిలో దొరికిన వాటిలో రోడమిన్-బీ ఒకటి, బట్టలకు వేసే రంగు. కొన్ని నెలలకు కబాబుల వంతు వచ్చింది. మా పావగడ శని మహాత్ముని గుడి చుట్టూ, నాగలమడిక జాతరలో గులాబిరంగు పీచుమిఠాయి నా చిన్నప్పుడే కొన్నాను. అప్పుడు ఊళ్ళో కెమెరా ఉన్నది ఒక్క ఫోటో స్టూడియోలో, అదీ నలుపూ తెలుపూ. మిఠాయికి రంగు పూసింది రీలు కాదు. ఇన్నేళ్ళూ ఎవరూ పరీక్షించలేదు కాబట్టి అది గులాబీగా ఉండిపోయింది.

అయితే బొమ్మకు అసలు బలమే లేదా? ఉంది. దాన్ని సరిగ్గా కొలుద్దాం. 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ బండి రీల్సులో మారుమోగింది. జనం ఎంతగా ఎగబడ్డారంటే ట్రాఫిక్ ఆగిపోయి, పోలీసులు బండి తీయించారు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలుగజేసుకుని అక్కడే ఉండనివ్వమన్నారు. అంత గోలలో జనం తిన్నదేమిటి? అన్నం, కోడికూర, కార్జం. నిన్న ఇంకో బండి దగ్గర తిన్నదే. బొమ్మ మార్చింది ఎక్కడ తినాలన్నది, ఏం తినాలన్నది కాదు. గుంటూరు జిల్లా మస్తానమ్మ అవ్వ యూట్యూబ్‌లో పుచ్చకాయలో కోడికూర వండితే లోకమంతా చూసింది. 2018లో ఆ అవ్వ పోయినప్పుడు లోకమంతా బాధపడింది. మరి మీ వీధిలో పుచ్చకాయలో కోడి వండుకున్న ఇల్లు ఒక్కటి చూపించండి. జనం బొమ్మను బొమ్మగా చూడగలరు. సినిమాలో హీరో మేడ మీది నుంచి దూకితే మనం దూకామా?

దీనికి ఎదురు, తట్టను నిజంగా మార్చేది ఎలా ఉంటుందో చూడండి. 2023 మార్చిలో ఆంధ్ర బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక బడుల్లో పాలలో రాగి పొడి కలిపి వారానికి మూడు రోజులు ఇవ్వడం మొదలైంది. అదే ఏడు కోడిగుడ్లు వారానికి ఆరు రోజులయ్యాయి. సరిహద్దు గీతకు అటూ ఇటూ ఉన్న పిల్లలు రాగి తాగుతున్నారు. ఏ ఇన్‌ఫ్లుయెన్సర్ చెప్పాడని? గంట కొట్టారు, గ్లాసు చేతికిచ్చారు, తాగారు. అంతే.

ఇంకో జట్టు కూడా ఉంది. వాళ్ళు ఫోనును తిట్టరు, పొగుడుతారు. రీల్సు పుణ్యమా అని రాగిముద్ద మళ్ళీ బతికిందట, చిరుధాన్యాల యుగం వచ్చిందట. ఇదీ అదే తప్పు, తిరగేసి తొడుక్కున్న చొక్కా. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు ఫోటోలు కోకొల్లలు వచ్చాయి. రాగి రైతును నిలబెట్టింది ఆ ఫోటోలు కాదు, కొనుగోలు కేంద్రం. క్వింటాలుకు మద్దతు ధర 2014-15లో 1,550 రూపాయలు, 2025-26 పంటకు 4,886. రైతు చేలో రాగి వేశాడంటే ఈ లెక్క చూసుకుని వేశాడు. బెంగుళూరు హోటల్లో ఇత్తడి తట్టలో ముద్ద ఫోటో ఎంత అందంగా ఉన్నా, కొర్రలు కిలో ఏ ధర పలుకుతున్నాయో అడిగిన కూలిమనిషి వాటిని అక్కడే పెట్టి బియ్యం సంచి ఎత్తుకుంటుంది.

ఇక అన్నింటికన్నా పెద్ద బొమ్మ మా ఊరి పక్కనే ఉంది. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే అయిదు ఊళ్ళ భూముల్లో దాదాపు 13,000 ఎకరాల మీద సోలార్ పలకలు పరిచారు. సామర్థ్యం 2,050 మెగావాట్లు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు, మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వాన మొహం చాటేసిన ఏళ్ళు చూసిన రైతుకు అది గట్టి రొక్కం. ఇచ్చినవాణ్ణి తప్పుపట్టే హక్కు నాకు లేదు. భూమి లేనివాళ్ళ సంగతి వేరు. కలుపు తీసే కూలి, కాయ పీకే కూలి, ఏరుకునే ఆకుకూర, గొర్రెలకు మేత, అన్నీ ఆ పలకల కిందికి పోయాయి. చెంచలాకు, గురుగాకు కొనుక్కునేవి కాదు, చేలో వంగితే దొరికేవి. ఇప్పుడు వంగడానికి చేనే లేదు, కంచె ఉంది. బెంగుళూరులో ఏ పిల్లాడి ఫోను చార్జయినా అందులో మా ఎండ పిసరంత ఉంటుంది. ఆ నేల ఒకప్పుడు తిండి పండించింది, ఇవాళ తిండి బొమ్మకు కరెంటు పండిస్తోంది. ఈ రెంటి మధ్య జరిగిన బేరంలో మన తట్ట మారింది. సారు ఆ బేరం గురించి ఒక్క మాటా అనరు. పిల్లాడి చేతిలోని తెర మీదే ఆయన కోపమంతా.

ఎందుకంటే ఫోనును తిట్టడం ఉచితం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 35.4 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన ఆ ఈడు పిల్లల్లో 65.5 శాతానికి రక్తహీనత. వీళ్ళు రీల్సు చూసి పాడైన పిల్లలా? వీళ్ళలో నెలల పసికందులూ ఉన్నారు. ఈ అంకెలకు జవాబు చెప్పాలంటే అంగన్‌వాడీ, రేషను, కూలి రేటు, నీళ్ళు, అన్నింటి గురించీ మాట్లాడాలి, ఎవరినో ఒకరిని నిలదీయాలి. ఫోనును తిడితే ఎవరినీ నిలదీయనక్కరలేదు. తప్పంతా పిల్లాడి వేలిదే.

నిజంగా తట్టలను శాసించేవాళ్ళు బొమ్మకు ఎంత భయపడతారో చూస్తే అది ఎవరికి శత్రువో అర్థమవుతుంది. 2012లో స్కాట్లండులో తొమ్మిదేళ్ళ మార్తా పేన్ తన బడి భోజనాన్ని రోజూ ఫోటో తీసి నెట్‌లో పెట్టేది. అక్కడి కౌన్సిల్ ఆ పాప ఫోటోలు తీయకూడదని నిషేధించింది. లోకం నవ్వేసరికి మరునాడే వెనక్కి తగ్గింది. 2019లో ఉత్తరప్రదేశ్ మీర్జాపూర్‌లో బడి పిల్లలు రొట్టెలో ఉప్పు నంజుకుని తింటుంటే పవన్ జైస్వాల్ అనే విలేఖరి వీడియో తీశాడు. ముందు కేసు పెట్టింది ఆయన మీదే. ఆయన తప్పేమీ లేదని పోలీసులు ఒప్పుకోవడానికి నెలలు పట్టింది. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్సింకా అనే కుర్రాడు బోర్న్‌వీటాలో ఎంత చక్కెర ఉందో చెబుతూ వీడియో పెడితే కంపెనీ నోటీసు పంపి తీయించింది. అదే ఏడాది చివరకు చక్కెర 14.4 శాతం తగ్గించింది కూడా. బొమ్మ తిండి గురించిన నిజాన్ని బయటపెట్టిన సందర్భాలివి. తిండి అమ్మేవాడి చేతిలో బొమ్మ ఎర అవుతుంది, తినేవాడి చేతికి వస్తే సాక్షి అవుతుంది.

కనుక నేను బొమ్మను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. లివర్‌పూల్ ప్రయోగం చెప్పినట్టు, డబ్బు తీసుకుని పిల్లలకు చిరుతిళ్ళు చూపించే ప్రకటనకు పగ్గం వేయాలి. అది వ్యాపారం, దానికి చట్టం చాలు. బడి ఎదుటి అంగడి దండకూ ఒక కొలత పెట్టాలి. పిల్లలను మాత్రం తిట్టకండి. విస్తరి ఫోటో తీయడం పాపం కాదు. ఆ ఫోటోలో ఏముందో చదవడం పెద్దవాళ్ళకు రాలేదు.

సారుకు ఒక పందెం. రేపటి నుంచి నెల రోజులు పావగడ తాలూకాలో ఫోన్లన్నీ కట్టేద్దాం. ముప్పైయొకటో రోజు ఏ ఇంటి తట్టలోనైనా తొంగిచూడండి. రేషను బియ్యం, పామాయిల్ తాలింపు, అయిదు రూపాయల ప్యాకెట్టు ఎక్కడివక్కడే ఉంటాయి. తర్వాత ఫోన్లన్నీ వెనక్కిచ్చేసి, ఇంకో నెల మరోలా చేద్దాం. రేషనులో మంచి రాగులు తప్పకుండా పోద్దాం. అంగన్‌వాడీలో గుడ్డు తప్పకుండా పెడదాం. బడి ఎదుటి అంగడామెకు రోజూ తాజా అరటి గెల చేరే దారి చూద్దాం. వచ్చే మాఘమాసం పెళ్ళిలో మొదటి పంక్తికే సంగటి వడ్డిద్దాం, కట్టె పట్టి కెలకడానికి సారూ నేనూ ముందు నిలబడదాం. ఆ నలుగురు పిల్లలూ దాన్నీ ఫోటో తీస్తారు. తీయనివ్వండి.